వేలి కణుపుల మీద పేర్లు

(శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలంలోని ఒక గ్రామ సంఘంలో జరిగిన జ్ఞాపకార్థ కూడికలో మనవరాలు చేసిన ప్రసంగ పాఠం)

పాస్టరు గారికి, సంఘ పెద్దలకు, ఈ ఎండలో ఇంత దూరం వచ్చిన మీ అందరికీ వందనాలు. మన సంఘం వాళ్ళే కాకుండా పై వీధి నుంచి, బారువ తీరం నుంచి కూడా చాలామంది వచ్చారు. అమ్మమ్మ ఉండి ఉంటే ముందు మీకు కుర్చీలు వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, ఆ తర్వాతే ప్రార్థన మొదలుపెట్టమనేది.

పాస్టరు గారు ఇందాక తిమోతి అవ్వ లోయి గురించి చెప్పారు. బైబిలు మొత్తంలో ఆ పేరు ఒకే ఒక్కసారి వస్తుంది. నీలో ఉన్న విశ్వాసం మొదట మీ అవ్వలో ఉండేదని పౌలు తిమోతికి రాస్తాడు. అంతే. ఆవిడ ఏ వేళకు లేచేదో, ఎవరితో పోట్లాడేదో, మనవడికి ఆ విశ్వాసం ఎలా అందించిందో ఎక్కడా లేదు. నేను తెలుగు పంతులమ్మను. పాఠంలో ఇలాంటి ఖాళీ కనిపిస్తే నా మనసు ఊరుకోదు. మా అమ్మమ్మ విషయంలో ఆ ఖాళీ మిగలకూడదని, పాస్టరు గారిని అడిగి ఈ కాసేపు తీసుకున్నాను.

అమ్మమ్మ పుట్టిన తేదీ ఎవరూ రాసి పెట్టలేదు. ఒరిస్సా వేరుపడేనాటికి ఆరేళ్ళ పిల్ల అని వాళ్ళ నాన్న చెప్పేవాడట. ఒరిస్సా రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది కాబట్టి, ఆమె పుట్టింది 1930లో అనుకుంటున్నాం. అప్పటికి మన సోంపేట గంజాం జిల్లాలో ఉండేది. 1936లో విశాఖపట్నం జిల్లాకు వచ్చింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయింది, ఆ ఏడాదే అమ్మమ్మకు పెళ్ళయింది. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ ఈ పేటలోనే. గడప దాటి వంద గజాలు వెళ్ళకుండానే మూడు జిల్లాల మనిషి అయింది. బంధువుల్లో కొంతమంది బరంపురం వైపు ఉండిపోయారు. గాజులమ్మే ఆమె వస్తే అమ్మమ్మ ఒడియాలో బేరం ఆడి, ఒడియాలోనే దీవించి పంపేది.

ఆమె చిన్నతనంలో మా పేటకు నుయ్యి లేదు. పై వీధి నూతి గట్టు ఎక్కడానికి మావాళ్ళకు వీలు లేదు. ఆడవాళ్ళు బిందెలు కింద పెట్టి దూరంగా నిలబడేవారు. ఎవరికైనా దయ కలిగితే తోడి ఆ బిందెల్లో పోసేవారు. ఒక్కో రోజు పొద్దెక్కేదాకా ఎవరూ పోసేవారు కాదు. ఈ మాట ఎవరినీ నొప్పించాలని చెప్పడం లేదు. ఆ వీధివాళ్ళ మనవలు ఇవాళ మనతో పాటు కూర్చున్నారు. భూస్థాపన రోజున పెట్టె మోసినవాళ్ళలో ఇద్దరు ఆ నుయ్యి ఉన్న ఇంటి పిల్లలే. అయినా ఈ సంగతి దాటవేస్తే అమ్మమ్మ ప్రార్థన మీకు అర్థం కాదు.

నీళ్ళకే అంత కష్టమైనప్పుడు ఇక అక్షరాలు ఎక్కడివి? అవి ఆమెకు పెళ్ళయ్యాక వచ్చాయి. కెనడా బాప్టిస్టు మిషను రోజుల్లో బైబిలు స్త్రీలని ఉండేవారు. మన తెలుగు ఆడవాళ్ళే. చేతిసంచి పట్టుకుని, ఎండైనా వానైనా ఊరూరా నడిచి, ఇంటి ఆడవాళ్ళకు వాక్యం చెప్పేవారు, చదువు నేర్పేవారు. మిషను చరిత్రల్లో దొరల పేర్లు, దొరసానుల పేర్లు వరుసగా దొరుకుతాయి. ఈ స్త్రీల పేర్లు మాత్రం ఎంత వెతికినా దొరకడం కష్టం. నాకు ఇది తీరని బాధ. మా పేటకు వచ్చిన ఆమె సాయంత్రాలు ఇదే చర్చి వెనక, మన ఉద్దానం ఇసుకలో వేలితో అక్షరం గీసి, దాని మీదే అమ్మమ్మ చేత దిద్దించిందట. పగలంతా జీడిపిక్కలు వలిచిన చేతులు. జీడి రసం తగిలి వేళ్ళు పొక్కి ఉండేవి. ఇసుకలో దిద్దితే మంటపుట్టేదని చెప్పేది. అయినా ఒక వర్షాకాలం గడిచేసరికి మార్కు సువార్త కూడబలుక్కుని చదవగలిగింది.

ఆమె జీవితమంతా చదివింది బైబిలు అనే ఆ ఒక్క పుస్తకమే. అందుకే ఆమె మాటల్లో ఆ పుస్తకం భాష కలిసిపోయింది. సంతలో చేపలామెతో కూడా “నిశ్చయముగా ఇది నిన్నటి చేప” అనేది. చిన్నప్పుడు ఆ మాట వింటే నాకు నవ్వొచ్చేది. పెద్దయ్యాక, తెలుగు చదువుకున్నాక, అదెంత గొప్ప సంగతో తెలిసింది. ఎవరూ నూతి గట్టు ఎక్కనివ్వని మనిషి నోట గ్రాంథిక భాష సొంత భాషలా పలికింది.

ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు ఆమెకు ఆ పుస్తకం కథ చెప్పాను. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు ఇద్దరు, క్రాన్, డెస్ గ్రాంజెస్ అనేవారు, మన విశాఖపట్నానికే వచ్చారని, అక్కడే తెలుగు నేర్చుకుని అనువాదం మొదలుపెట్టారని, ఆనందరాయర్ అనే తెలుగు బ్రాహ్మణుడు వాళ్ళకు తోడ్పడ్డాడని, మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యేనాటికి ఆ మిషనరీలిద్దరూ బతికి లేరని. ఆమె అంతా విని, “ఆ తెలుగాయన పేరు ఇంకోసారి చెప్పు” అంది. చెప్పాను. కుడిచేతి బొటనవేలితో ఎడమ అరచేతిని ఒకసారి నొక్కింది. కృతజ్ఞత చెప్పేటప్పుడు ఆయన పేరు కూడా కలుపుకుంటానంది. ఆ మర్నాటి నుంచి కలిపింది, నా చెవులతో విన్నాను.

ఇక ఆ వేళ్ళ సంగతి చెప్పాలి. నేను ఇక్కడ నిలబడింది అసలు అందుకే.

అక్షరాలు రాకముందు ఆమెకు చేతివేళ్ళే పుస్తకం. బొటనవేలు కాకుండా నాలుగు వేళ్ళు, వేలికి మూడు కణుపులు, చేతికి పన్నెండు, రెండు చేతులకూ ఇరవై నాలుగు. ఒక్కో కణుపు ఒక్కో ఇంటిది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, మొహం కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చుని, బొటనవేలు ఒక్కో కణుపు మీద ఆనిస్తూ ఆ ఇంట్లోవాళ్ళందరి పేర్లూ చెప్పేది. చదవడం వచ్చాక కూడా ఈ పద్ధతి మానలేదు. కాగితం మీద రాసుకోవచ్చు కదా అంటే, “కాగితం మరచిపోయి వెళ్ళవచ్చు, చేయి మరచిపోయి వెళ్ళలేను కదా” అనేది. ఆమె ప్రార్థనలో కోరికలు చాలా తక్కువ. పేర్లే ఎక్కువ. ఫలానావాడికి జ్వరం తగ్గించు, ఫలానామెకు సంబంధం కుదుర్చు అని కూడా పెద్దగా అడిగేది కాదు. పేరు చెప్పి, ఒక క్షణం ఆగి, తర్వాతి కణుపుకు వెళ్ళేది. ఆ మనిషిని తీసుకెళ్ళి దేవుని ముందు కూర్చోబెట్టి వచ్చినట్టుండేది.

కుడిచేతి చూపుడువేలు మొదటి కణుపు ఎవరిదో తెలుసా? మా తాతయ్యది కాదు, పిల్లలది కాదు. పై వీధిలో ఆ నుయ్యి ఉన్న ఇంటివాళ్ళది. నాకు పన్నెండేళ్ళప్పుడు ఈ సంగతి తెలిసి కోపం వచ్చింది. మనకు నీళ్ళు పోయని వాళ్ళ పేరు మా అందరికంటే ముందు ఎందుకని అడిగాను. “పోసినవాళ్ళను దేవుడే గుర్తుపెట్టుకుంటాడు. పోయనివాళ్ళను ఎవరో ఒకరు గుర్తు చేయాలి కదమ్మా” అంది. ఆ జవాబు ఆ రోజు నాకు నచ్చలేదు. ఇవాళ్టికీ పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను, ఆ నూతి దగ్గర నిలబడింది నేను కాదు కాబట్టి ఆమెతో వాదించే హక్కు మాత్రం నాకు లేదనుకుంటున్నాను.

ఎడమచేతి ఉంగరపు వేలు మీద ఒక కణుపు రైలు డ్రైవరుది. నాలుగు దాటాక హౌరా లైనులో ఒక రైలు కూత వినిపించేది. ఆ వేళకు తనలాగే మేలుకుని ఉన్న ఆ మనిషి ఎవరో ఆమెకు తెలియదు. డ్రైవర్లు మారుతుంటారని నేను చెప్పినా వినలేదు. “రైలు నడిపే అబ్బాయి” అనే చెప్పేది. ఆ అబ్బాయి కనీసం యాభై ఏళ్ళు అలా అబ్బాయిగానే ఉన్నాడు.

1992లో ఆమెకు రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయి. అప్పుడు నాకు పదేళ్ళు. రోజూ సాయంత్రం నేనే బైబిలు చదివి వినిపించేదాన్ని. ఆడుకోవడానికి వెళ్ళాలనే తొందరలో ఒక వాక్యం దాటేస్తే వెంటనే పట్టుకునేది. చూపు పోయినా ఆ పేజీలన్నీ ఆమె లోపలే ఉన్నాయి. మన అదృష్టం, సోంపేటలో ఆరోగ్యవరం కంటి ఆసుపత్రి ఉంది. కెనడా నుంచి వచ్చిన డాక్టర్ బెన్ గలిసన్ అక్కడ చేసిన పని గురించి విని, 1963లో కాల్గరీ నగరంలో ఒక వ్యాపారి ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థను మొదలుపెట్టాడు. తర్వాత అది ఎన్నో దేశాలకు విస్తరించింది. దానికి మొదలు మన సోంపేట అని ఇక్కడి పిల్లల్లో ఎంతమందికి తెలుసు? బళ్ళో చెప్పాలి. నేను చెబుతున్నాను.

ఆపరేషను అయ్యి, లావుపాటి అద్దాల కళ్ళజోడు పెట్టాక, అందరూ బైబిలు తెచ్చి చేతిలో పెట్టారు. ఆమె దాన్ని పక్కన ఉంచి నన్ను దగ్గరకు లాక్కుని చాలాసేపు చూసింది. “నీ గొంతు ఒక్కటే విన్నాను ఇన్నాళ్ళూ. ఇంత పెరిగావా” అంది. కట్లు మార్చిన నర్సమ్మకు ఆ తర్వాత ఒక కణుపు దక్కింది.

మామయ్య గురించి చెప్పడం నాకు కష్టం. అత్తయ్య ఇక్కడే ఉంది, ఆమె అనుమతితోనే చెబుతున్నాను. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి, చదువు రానివాళ్ళకు కూడా రక్త పరీక్షలో చూసే క్రియాటినిన్ అనే మాట తెలుసు. కొబ్బరి తోటల్లో కూలి చేసుకునే మామయ్యకు కాళ్ళు ఉబ్బి, పరీక్ష చేయిస్తే కిడ్నీలు రెండూ దెబ్బతిన్నాయన్నారు. మొదట విశాఖపట్నం తిరిగాం. తర్వాత మన దగ్గరే డయాలసిస్ దొరికింది. ఒక్కోసారి నాలుగేసి గంటలు. అమ్మమ్మ ఎనభై ఏళ్ళు దాటిన వయసులో ఆటో ఎక్కి కొడుకుతో వెళ్ళి, బయట బెంచీ మీద కూర్చునేది. ఆయన యాభై ఒకటో ఏట పోయాడు.

పరామర్శకు వచ్చినవాళ్ళలో ఒకరు, ఓదార్చాలనే అన్నారు, “అంతా దేవుని చిత్తం అమ్మా” అని. అమ్మమ్మ అప్పటిదాకా తల వంచుకుని కూర్చుంది. తలెత్తి, “దేవుని చిత్తమో, నీళ్ళ దోషమో తేలనివ్వండి. తెలియకుండా ఆయన మీద వేయకండి” అంది. గది అంతా నిశ్శబ్దమైపోయింది. విశ్వాసమంటే ప్రశ్న వేయకపోవడమని అప్పటిదాకా నేను అనుకునేదాన్ని. నాకు తెలిసినవాళ్ళలో అందరికంటే ఎక్కువ ప్రార్థించిన మనిషి, అందరికంటే సూటిగా ఆ మాట అంది. నీటి గురించి, నేల గురించి, వేడిలో చేసే పని గురించి ఎందరో పరిశోధించారు. ఈ జబ్బుకు ఖచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైనప్పుడు టీవీలో చూస్తూ “ఇక వెతుకుతారు” అంది. దానితో పాటే హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్ళు తెచ్చే పథకం కూడా మొదలైంది. కుళాయి నీళ్ళు మా పేటకు వచ్చిన రోజున, పై వీధికి కూడా ఇదే గొట్టమా అని రెండుసార్లు అడిగింది. అవునన్నాం. గ్లాసుతో పట్టుకుని కూర్చుని నిదానంగా తాగింది.

మామయ్య పోయాక ఆయన కణుపు ఏమైందని అమ్మ ఒకరోజు అడిగింది. దాన్ని ఖాళీగా ఉంచలేదు. డయాలసిస్ గదిలో మామయ్య పక్క మంచం మీద ఉండే మనిషి పేరు అక్కడ పెట్టింది. ఆయన మన మతం వాడు కాదు, మన ఊరివాడు కూడా కాదు. కవిటి వైపు మనిషి. ఆయన ఆరోగ్యం ఎలా ఉందో ఫోను చేసి కనుక్కోమని అత్తయ్యను నెలకోసారి వేధించేది.

ఇప్పుడు నా సంగతి. నా పెళ్ళికి అమ్మమ్మ రాలేదు. నేను వేరే మతం అబ్బాయిని రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాను. పదకొండు నెలలు నాతో మాట్లాడలేదు. ఫోను చేస్తే అమ్మకు ఇచ్చేసేది. ఇలాంటి చోట పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. కానీ ఆమె నాకు నేర్పిన నిజాయితీతోనే చెబుతున్నాను, అది తప్పు. ఆ పదకొండు నెలలు నేను పడిన బాధ ఆమెకు తెలుసు, అయినా మొండికేసింది. చివరికి నా కూతురు పుట్టినప్పుడు చీర కుచ్చిళ్ళలో డబ్బులు ముడివేసుకుని శ్రీకాకుళం బస్సెక్కి ఒక్కతే వచ్చింది. క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. పాపకు నూనె రాసి స్నానం చేయించింది. ఆ రాత్రి నేను సగం నిద్రలో ఉండగా నాలుగింటి ప్రార్థన వినిపించింది. ఎడమచేతి చిటికెనవేలు చివరి కణుపు నాది. అక్కడికి వచ్చేసరికి నా పేరు, వెంటనే మా ఆయన పేరు, ఎప్పటినుంచో అలవాటైన వరుసలా తడుముకోకుండా చెప్పింది. పెళ్ళి సంగతి తెలిసిన మర్నాటి నుంచీ అలాగే చెబుతోందని తర్వాత అమ్మ చెప్పింది. మాతో మాట్లాడని పదకొండు నెలలూ మా గురించి దేవునితో మాట్లాడింది.

తిత్లీ రాత్రి మీలో ఎవరూ మరచిపోయి ఉండరు. 2018 అక్టోబరు 11. తుపాను కచ్చితంగా ఆమె ప్రార్థన వేళకే, తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య పలాస దగ్గర తీరం దాటింది. బడిలోకి రమ్మంటే రాలేదు. పెంకులు ఎగిరిపోతుంటే అమ్మ, అత్తయ్య ఆమెను మంచం కిందకు చేర్చి, పక్కనే పడుకున్నారు. గాలి హోరులో మాటలు వినిపించలేదు. బొటనవేలు మాత్రం కదులుతూనే ఉందట. తెల్లారాక చూస్తే ఎటుచూసినా కొబ్బరి చెట్లు మొదలంటా పడి ఉన్నాయి. నిలిచినవాటికి మొవ్వులు విరిగి మెలితిరిగిపోయాయి. జీడి తోటలు తలకిందులయ్యాయి. తాతయ్య నాటిన చెట్లలో రెండే మిగిలాయి.

ఆ ఏడాది కోత పండుగకు సంఘంలో ఎవరి దగ్గరా తేవడానికి ఏమీ లేదు. కొంతమంది ఈసారి పండుగ మానేద్దామన్నారు. అమ్మమ్మ పడిపోయిన చెట్ల మట్టలు ఇంటికి ఈడ్పించుకుని, వారం రోజులు కూర్చుని ఈనెలు చీరి, తొమ్మిది చీపుర్లు కట్టి, తలమీద పెట్టించుకుని చర్చికి తీసుకొచ్చింది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. కానుకల వేలంపాటలో ఆ చీపుర్లకు పలికిన ధర చూసి కొత్తగా వచ్చిన పాస్టరు గారు ఆశ్చర్యపోయారు. ఒకటి కొన్నది ఆ నుయ్యి ఉన్న ఇంటి పెద్దాయన. ఆయన మన సంఘం మనిషి కాదు. వేలంపాట జరుగుతుంటే గుమ్మం బయట నిలబడి పాడాడు.

చివరి మూడు వారాలు ఆమెకు మాట రాలేదు. మంచం పట్టింది కానీ తెలివి ఉంది. తెల్లవారుజామున నాలుగయ్యేసరికి, ఎవరూ లేపకుండానే, కుడి బొటనవేలు చూపుడువేలి మొదటి కణుపు మీదకు వెళ్ళేది. అమ్మ పక్కనే కూర్చుని, తనకు తెలిసిన పేర్లు ఆ వేలి వెంట పైకి చెప్పేది. తెలిసిన కణుపు దగ్గర సరిగ్గా చెబితే బొటనవేలు ముందుకు కదిలేది. తెలియని చోట అమ్మ ఆగిపోతే, వేలు కూడా కాసేపు ఆగి, తర్వాత తనంతట తానే కదిలేది.

అలా అమ్మ, అత్తయ్య, నేను కలిసి పదిహేడు కణుపుల పేర్లు రాసుకున్నాం. ఇంకా ఏడు తెలియలేదు. కుడిచేతి ఉంగరపు వేలు మొత్తం, ఎడమచేతి మధ్యవేలు మొత్తం, కుడి చిటికెనవేలు నడిమి కణుపు. ఆమె ఎవరితోనూ నీ కోసం ప్రార్థిస్తున్నానని ఊరికే చెప్పే మనిషి కాదు. కానీ కొంతమంది చేయి పట్టుకుని, “నువ్వు ఇక్కడ ఉన్నావు” అని తన వేలు చూపించేది. మీలో ఎవరికైనా అలా చూపించి ఉంటే, భోజనాలయ్యాక మా అమ్మ దగ్గరకు వచ్చి ఏ వేలో చెప్పండి. అమ్మ ఆ వేప చెట్టు కింద, నోటుపుస్తకం పట్టుకుని కూర్చుని ఉంటుంది.